లెక్కనా, నిజమా?

పోయిన నెల గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మల్లెపూలమ్మే అతను గంప మీద నీళ్లు చిలకరిస్తూ, "రాండ్రి అన్నా, ముత్యాల లెక్క ఉన్నయ్, ముత్యాల లెక్క!" అని అరిచాడు. నా చేతిలోని సంచి జారిపోయింది. వంగి ఉన్న నడుము దానంతటదే నిటారుగా నిలబడింది. నన్నడక్కుండానే నా నోరు, "సిమిలీ" అంది.

"ఏంది?" అన్నాడతను.

"ఏం లేదు భాయ్. పూలను ముత్యాలతోని పోల్చినవ్ గదా. గదే."

"పొద్దుపొద్దుగాల మంచి గిరాకీ దొరికిండు. నీకు పూలు కావాల్నా, పోలికలు కావాల్నా?"

పూలే కావాలి. ఆ తెల్లవారుజామున, మాకు ఇంగ్లీషు చెప్పిన ఆపా చనిపోయిందని, నాతోపాటు చదువుకున్న స్వరూప ఫోన్ చేసింది. ఆపా మీద కప్పడానికి పూల చాదర్ పట్టుకు రమ్మని సలీం భాయ్ నన్ను పంపాడు. అంటే, ఇక నన్ను భయపెట్టగలిగిన మనిషి ఈ లోకంలో లేదన్నమాట. ఆ సంగతి నాకు తెలుసు, నా నడుముకే ఇంకా తెలియలేదు.

ఆమె పేరు చెప్పను. క్లాసులో ఉన్నన్నాళ్లూ మేమెవరం ఆ పేరు పలకలేదు. ఇప్పుడు పలుకుదామన్నా ఎవరో వెనకాల నిలబడి వింటున్నట్టుంటుంది. అందరికీ ఆపానే, అంటే అక్కే. పెద్ద బడిలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరై, హుస్సేనీ ఆలంలో తన ఇంటి పై గదిలో మాలాంటి ముదురు విద్యార్థులకు సాయంత్రాలు పాఠాలు చెప్పేది. సన్నటి మనిషి. తెల్లటి దుపట్టా. కుడిచేతి నడిమి వేలికి అంగుస్తాన, అదే, కుట్టేవాళ్లు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే ఇనుప తొడుగు. ఆమె కుట్టగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. దానితో బల్ల మీద కొట్టేది. టక్.

ఆ టక్కు గురించి చెప్పాలంటే ముందు నా గురించి కొంచెం చెప్పుకోవాలి. మాది పాల వ్యాపారం. మా తాతల నాటి నుంచి పాలలో నీళ్లు కలిపిన పాపం మా ఇంట్లో లేదు. కలపకుండా మిగిలిపోయిన నీళ్లన్నీ నా మాటల్లోకి వచ్చాయి. అందుకే సందులో నన్ను గప్పాల సాబ్ అంటారు. గప్పలంటే కోతలు. చార్మినార్ దగ్గర తిరిగే టూరిస్టులను చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఇంత మంది వినేవాళ్లు చెవులేసుకుని ఊరికే తిరిగిపోతున్నారు, నాకేమో వాళ్ల భాష రాదు. గైడు కావాలని, నడివయసులో ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆపా మెట్లెక్కాను.

మొదటి రోజు ఆమె మమ్మల్ని తలా ఒక సంగతి చెప్పమంది. లాడ్ బజార్లో గాజుల దుకాణం నడిపే సలీం భాయ్ తన దుకాణం గురించి చెప్పాడు. నర్సు చదువు కోసం ముందు పదో తరగతి పాసు కావాలని వచ్చిన స్వరూప వాళ్ల అమ్మ గురించి చెప్పింది. నేను మా తాత బర్రె గురించి చెప్పాను. అది ఒకనాడు తాడు తెంపుకుని చార్మినార్ ఎక్కింది. పైన నిలబడి చేపింది. పాలు మెట్ల మీది నుంచి కిందికి కారాయి. అందుకే ఇప్పటికీ ఆ చుట్టుపక్కల చాయ్ అంత చిక్కగా ఉంటుంది.

టక్.

"లెక్కనా, నిజమా?" అంది ఆపా.

అంటే, దేని లెక్కనన్నా ఉందని పోలుస్తున్నావా, లేక నిజంగా జరిగిందా అని. ఆమె క్లాసులో ఎవరు ఏమి చెప్పినా ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 'లెక్క' అని చెప్పి పోలిస్తే సిమిలీ. చెప్పకుండానే ఒకదాన్ని ఇంకొకటి చేసేస్తే మెటఫర్. ఉన్నదాన్ని ఊది పెంచితే హైపర్‌బొలీ.

"నిజమే ఆపా" అన్నాను.

"మంచిది. ఎక్కింది. మరి దిగింది ఎట్ల?"

ఇన్నేళ్లలో బర్రెను ఎక్కించాను గానీ దించాలని ఎవరూ అడగలేదు. వారం రోజులు ఆలోచించి, దూడ కింద నిలబడి అరిస్తే తల్లి దిగొచ్చిందని చెప్పాను.

"పోయిన వారం ఒక్క బర్రెనే ఉండె. ఇయ్యాల దూడ యాడికెల్లొచ్చింది?" టక్. "ఒక సంగతి యాదికుంచుకోండ్రి. చూసినోన్ని రెండోసారి అడిగితే అదే మాట చెప్తడు. గప్ప కొట్టెటోన్ని అడిగితే అది పెరుగుతది. యాదగిరి సాబ్, మీ బర్రె వచ్చే వారానికి మందైతది."

సలీం భాయ్ కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ లోపల వణికాను. నా పనితనం గుట్టు ఇంత తొందరగా ఎవరూ పట్టుకోలేదు.

ఆ గదిలో మేము రెండు భయాల మధ్య కూర్చునేవాళ్లం. ముందు ఆపా, చుట్టూ ఇల్లు. ఇల్లు ఎంత పాతదో ఆమెకే తెలియదు. పై గది నేలను మోసేవి టేకు దూలాలు. ఎవరైనా లేచి నిలబడితే మిగతావాళ్ల కుర్చీలు ఊగేవి. బయట లారీ పోతే బల్ల మీది చాక్‌పీసు తనంతట తనే దొర్లేది. కప్పు నుంచి సున్నం పొడి రాలి పుస్తకం మీద పడితే ఆపా ఉఫ్ అని ఊది, ఏ మాట దగ్గర ఆగిందో ఆ మాట నుంచే అందుకునేది.

ఒకరోజు సలీం భాయ్ తల మీద పొడి రాలితే, ధైర్యం చేసి ఇంగ్లీషులో, మంచు లెక్క రాలుతోంది అన్నాడు.

టక్. "మంచు చూసిన్రా సలీం సాబ్?"

"లేదు ఆపా."

"చూడందానితోని పోల్చొద్దు. మీరు చూసింది చెప్పుండ్రి. దేని లెక్క రాలుతుంది?"

ఆయన పైకి చూసి, కళ్లు తుడుచుకుని, "లక్క గాజులు అరగదీస్తే రాలే పొడి లెక్క" అన్నాడు.

"షాబాష్! గది సిమిలీ!"

అంతలో ఈసారి పెద్ద పెచ్చే ఊడి ఆయన భుజం మీద పడింది. సలీం భాయ్ భుజం పట్టుకుని, "ఇది దేని లెక్క ఆపా?" అన్నాడు.

"ఇది దేని లెక్కా కాదు. ఇది సున్నం" అంది ఆపా. పాఠం సాగింది.

ఒక మనిషి ఇంకో మనిషిని ఒప్పించే దారులు మూడు, అని చెప్పిన రోజు ఆమె సలీం భాయ్‌ని లేపి నిలబెట్టింది. "మీ బజార్ల ముగ్గురు దుకాణందార్లు. ఒకాయన ఏమంటడు? మా తాత నవాబుల ఇండ్లకు గాజులు తొడిగిండు, నా మాట నమ్ముండ్రి అంటడు. అది నమ్మకం దారి. రెండో ఆయన, అమ్మా, పొద్దటిసంది బోణీ కాలే, పిల్లలు గలోల్లం అంటడు. అది గుండె దారి. మూడో ఆయన గాజు తిప్పి, చూడుండ్రి, రాయి లక్కల ఎంత లోపలికి కూసుందో, ఊడదు అంటడు. అది బుద్ధి దారి. సలీం సాబ్, మీరు ఏ దారి?"

"నేను మూడూ చేస్త ఆపా. అయినా మా ఇంటి ఆడోల్లు పక్క దుకాణంలనే కొంటరు."

అందరం నవ్వాం. స్వరూప మాత్రం చెయ్యెత్తి, "మరి భయపెట్టి ఒప్పించేటోల్లు, ఆపా? గది ఏ దారి?" అని అడిగింది.

ఆపా కిటికీ వైపు చూసింది.

"గుండె దారే బేటీ. అదే తలుపు. కన్నీళ్లు చూపెట్టెటోడు తట్టి వస్తడు. కత్తి చూపెట్టెటోడు పగలగొట్టి వస్తడు. ఎవరన్న భయపెట్టుకుంట చెప్తే నేను ముందుగాల భయపడ. ముందుగాల వాక్యం చూస్త. చెప్పింది ఎవరు? చూసి చెప్తున్నడా, విని చెప్తున్నడా?"

తరవాత, కారణం-ఫలితం అనే వరసలో రాతను ఎలా కూర్చుతారో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తానంది. మేము కలాలు తీశాం.

"నేను చిన్న తరగతుల ఉన్నప్పుడు. కర్ఫ్యూ దినాలు. పొద్దుగాల ఒకాయన మా సందులకెల్లి ఉరుక్కుంట పోయిండు. వస్తున్రు, వస్తున్రు అని మొత్తుకున్నడు. ఎవరొస్తున్రు అని ఎవ్వరడగలే. అందరు ఇండ్లిడిచి ఉరికిన్రు. మా నానీకి, అమ్మమ్మకు, నడక రాకపోయేది. మా మామూ ఆమెను ఎత్తుకుని ఈ మెట్ల మీదనే ఉరికిండు. జారిండు. నానీ తలకు దెబ్బ తగిలింది. పగటి యాళ్లకు పానం పోయింది." ఆమె గొంతు ఏమీ మారలేదు. "ఆ దినం మా సందులకు ఎవ్వరు రాలే. మాట ఒక్కటే వచ్చింది. ఇప్పుడు చెప్పుండ్రి. కారణం ఏంది? ఫలితం ఏంది?"

ఎవరి కలమూ కదలలేదు. స్వరూప తల దించుకుని ముక్కు ఎగబీలుస్తోంది. మేము రోజూ ఎక్కి దిగే మెట్లు అవి.

ఆపా మా అందరినీ చూసి, "ఇంగ్లీషుల చెప్పుండ్రి" అంది.

అదొక్క రోజు నాకు ఆమెను చూస్తే భయం వేయలేదు. ఆమె కోసం భయం వేసింది.

అలాంటి మనిషి ఇంటి తలుపు మీద, వానలు మొదలయ్యే ముందు, సర్కారు ఆఫీసు వాళ్లెవరో ఒక కాగితం అంటించి పోయారు. భవనం శిథిలావస్థలో ఉన్నది, ప్రాణాపాయము, వెంటనే ఖాళీ చేయవలెను. మెల్లగా పైకెళ్లి చూస్తే, ఆపా అప్పటికే ఆ కాగితాన్ని ఊడదీసి తెచ్చి నల్లబల్లకు అంటించింది. ఆ రోజుకు అదే పాఠం.

"చదవండ్రి. రాసింది ఎవరు? పేరు లేదు. సంతకం పిల్లి గీకినట్టున్నది. నమ్మకం దారి మూసుకున్నది. ఏ గోడ? ఏ దూలం? ఎవరొచ్చి చూసిన్రు? రాయలే. బుద్ధి దారి మూసుకున్నది. ఇంక మిగిలింది ఏంది?"

"భయం" అన్నాం అందరం.

"సమస్య ఉన్నది. పరిష్కారం యాడున్నది? ఖాళీ చేసి యాడికి పోవాలె? అది రాయాల్నా లేదా?" ఎర్ర చాక్‌పీసుతో కాగితం మూలన పెద్ద అడ్డగీత గీసింది. "ఫెయిల్!"

మేము చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఆమె తీసిన తప్పుల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అది నిజంగానే చేతకాని రాత. చేతకాని రాతలోనూ నిజం ఉండొచ్చని, ఇంత చదువుకున్న ఆమెకు గానీ, చదువు కోసం వచ్చిన మాకు గానీ ఆ పూట తోచలేదు. కాగితాన్ని ఓడించాం గనక ఇల్లు నిలబడుతుందనుకున్నాం. మా చప్పట్లకు కప్పు నుంచి పొడి రాలింది. ఆపా ఉఫ్ అని ఊదింది.

వానలు మొదలయ్యాయి. ఇక విడవలేదు. గోడలు చెమ్మ పీల్చి నల్లబడ్డాయి. నేను మెట్లెక్కుతూ గోడను చూడటం మానేశాను. చూస్తే ఏదో ఒకటి కనబడుతుందని భయం.

ఆ రోజు నాకు ఆలస్యమైంది. మెట్ల మలుపులో ఆగి, చెప్పులోకి పోయిన నీళ్లు వంపుకోవడానికి గోడకు చెయ్యి ఆనించాను. తల పక్కన ఎన్నడూ లేని వెలుతురు. పై గదిని మోసే దూలం కొన గోడలో కూర్చునే చోట, గోడకూ కర్రకూ మధ్య సందు పడింది. నమ్మలేక చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా పోయింది. అవతల నా వేళ్లకు వాన తగిలింది.

చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా భయమేసింది. నా చెయ్యే ఆ దూలాన్ని ఆపుతోందేమో అనిపించింది. పైన కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఆపా గొంతు వినిపిస్తోంది. ఎవరో చదువుతున్నారు, ఆమె దిద్దుతోంది. నా కాళ్లు కిందికే పోదామన్నాయి. పైకి పోతే, పైనున్న బరువుకు నా బరువూ తోడవుతుంది. అరుద్దామా? అరిస్తే అందరూ ఒక్కసారి లేస్తారు, ఒక్కసారి ఉరుకుతారు. ఈ మెట్ల మీదే.

మునివేళ్ల మీద పైకెక్కి గుమ్మంలో నిలబడ్డాను.

"వచ్చిండు గప్పాల సాబ్!" అన్నాడు సలీం భాయ్. "ఏందన్నా, ఇంత లేటు? వానల బర్రె మీద ఎక్కి ఈదుకుంట వచ్చినవా?"

గదంతా నవ్వింది. ఆ నవ్వుకు నేల ఊగింది. చాక్‌పీసు బల్ల చివరి దాకా దొర్లి ఆగింది. నవ్వకండ్రి అనబోయాను, మాట రాలేదు. ఆపా ఒక్కతే నవ్వలేదు, నా మొహం చూస్తోంది.

"ఏమైంది యాదగిరి సాబ్?"

"దూలం గోడలకెల్లి బయటికొచ్చింది ఆపా. సందుల నా చెయ్యి పట్టింది."

"ఇగ సురువైంది! సందులకెల్లి దూడ బయటికొచ్చిందా అన్నా?" సలీం భాయ్ మళ్లీ అందుకున్నాడు.

టక్. ఆయన నోరు మూతపడింది.

"ఇంకోసారి చెప్పుండ్రి" అంది ఆపా.

"దూలం గోడలకెల్లి బయటికొచ్చింది. సందుల నా చెయ్యి పట్టింది."

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నేనింకేమైనా అంటానేమోనని ఆగింది. నేనేమీ అనలేదు. ఆ కొంచెంసేపు మాత్రం, ఈమె వాక్యం చూస్తూ కూర్చుంటుంది, మమ్మల్నందరినీ నేల మింగుతుంది అనుకున్నాను.

"చూసి చెప్తున్రా, విని చెప్తున్రా?"

"చెయ్యి పెట్టి చెప్తున్న."

ఆపా చేతిలో పుస్తకం మూసింది. "పెరగలే" అంది, తనలో తను. తరవాత మామూలు గొంతుతో, హాజరు పిలిచినంత మామూలుగా, "ఉఠో. ఒక్కొక్కరు లేవండ్రి. ఉరకొద్దు. లోపలి గోడ పట్టుకుని దిగుండ్రి. స్వరూప బేటీ, నువ్వు ముందు" అంది.

"ఆపా, నిజంగనేనా?" సలీం భాయ్ మొహం తెల్లబోయింది.

"తరవాత నవ్వుకుందురు. దిగుండ్రి."

ఒక్కొక్కరే దిగారు. ఒక్కో మనిషి దిగినప్పుడల్లా నేల కొంచెం తేలికపడటం నా అరికాళ్లకు తెలుస్తోంది. చివరికి ఇద్దరం మిగిలాం.

"మీరు పోండ్రి ఆపా."

"ఇద్దరం గుమ్మంల నిలవడి మర్యాదలు చేసుకుంటే దూలం ఆగుతదా? నడువుండ్రి."

నేను దిగి ఇంటి ముందు సందులో నిలబడ్డాను. ఆమె అడుగుల చప్పుడు లోపల వినిపిస్తోంది. ఒకచోట ఆగిపోయింది. ఆ మలుపులోనే. ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. దుపట్టా తెల్లగా గుమ్మంలో కనబడేసరికి స్వరూప పరుగెత్తి ఆమెను పట్టుకుంది. ఆపా కుడిచెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది.

అందరం వానలో నిలబడి ఇంటి వైపు చూశాం. ఇల్లు పడలేదు.

సందులో జనం పోగయ్యారు. ఏమైందని ఒకరు. ఇల్లు కూలుతుందట అని ఇంకొకరు. చెప్పిందెవరంటే యాదగిరి అన్నారు. "అరె, గాయిననా!" అని పొట్టలు పట్టుకుని నవ్వి, గొడుగులు తెరుచుకుని పోయారు. ఆపా తలుపుకు తాళం వేసి, పక్క వీధిలోని చెల్లెలింటికి నడిచింది.

మర్నాడూ ఇల్లు పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. వాన వెలిసి ఎండ కాసింది. చాయ్ హోటల్లో కుర్రాళ్లు నన్ను చూసి, "గప్పాల సాబ్ ఒక్క మాటతోని ముసలామెను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు" అన్నారు. నవ్వులాటకే అన్నారు. నాకది గుచ్చుకుంది. ఆ కర్ఫ్యూ పొద్దున సందులోంచి ఉరికిన మనిషి మొహం ఎలా ఉండేదో అని ఆలోచించడం మొదలుపెట్టాను. అద్దంలో చూసుకుంటే నాలాగే ఉండేవాడేమో అనిపించేది. రోజూ పాలు పోసి వస్తూ ఆ ఇంటి ముందు ఆగేవాణ్ని. నిలబడి ఉన్న ఇంటిని చూసి, ఇంకా పడలేదేం అని మనసులో అనుకునేవాణ్ని. ఒక ముసలామె ఇల్లు కూలాలని కోరుకుంటున్నానని తెలిసి నా మీద నాకే భయం వేసింది.

తట్టుకోలేక ఆమె చెల్లెలింటికి వెళ్లాను. ఆపా వరండాలో కూర్చుని స్వరూప వ్యాసం దిద్దుతోంది.

"ఆపా, నేను తప్పు చూసిననేమో. మీరు ఇంటికి పోతనంటే పోండ్రి."

ఆమె తలెత్తలేదు. "చెయ్యి పట్టిందా, లేదా?"

"పట్టింది."

"నా చెయ్యి కూడ పట్టింది. గంతే."

"అందరు నవ్వుతున్రు ఆపా."

"నవ్వేటోల్లల్ల చెయ్యి పెట్టి చూసినోల్లు ఎవరన్న ఉంటే తోల్కరాండ్రి. మాట్లాడుత."

ఇల్లు పడిన సంగతి టూరిస్టులకు చెప్పేటప్పుడు, అవును, ఇప్పుడు నేను గైడునే, మేము గడప దాటగానే వెనకాలే భళ్లున పడిందనీ, ఆ గాలికి నా టోపీ ఎగిరి మక్కా మసీదు మెట్ల మీద పడిందనీ చెబుతాను. వాళ్లు నోళ్లు తెరుస్తారు. మీకు అలా చెప్పబుద్ధి కావడం లేదు. ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, ఆపా చెల్లెలింట్లో అన్నం తింటూండగా, తన ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అది పడింది.

ఆమె చూస్తానంటే నేనే తీసుకెళ్లాను. పై గది మొత్తం కింది గదిలోకి దిగిపోయింది. మా కుర్చీలు ఆమె మంచం మీద ఉన్నాయి. మంచం కుర్చీల కింద పలచగా అణిగిపోయి ఉంది. చుట్టూ జనం. బాంబు లెక్క పేలిందని ఒకడు, ఏనుగుల మంద ఉరికినట్టయిందని ఇంకొకడు. ఆపా ఎవరినీ ఏమీ అడగలేదు. నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు ఎంతలా వణుకుతున్నాయంటే, నా చెయ్యి కూడా వాటితోపాటు ఊగింది. ఆమె వణకడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇంక ఫికర్ లేదు ఆపా" అన్నాను. "పడేది పడ్డది. మీరు ఇవతల ఉన్నరు."

"గందుకే భయమైతుంది" అంది. కళ్లు ఆ మంచం మీదే ఉంచి, "యాదగిరి సాబ్, ఆ దినం మీరు ఇంకొక్క ముక్క కలిపి చెప్పుంటే నేను నమ్మకపోతుంటి. కూసోండ్రి అంటుంటి. పాఠం చెప్తుంటి" అంది.

నేను తల ఊపాను. అసలు సంగతి ఆమె బతికున్నన్నాళ్లూ చెప్పలేకపోయాను.

ఆ రోజు గుమ్మంలో నిలబడినప్పుడు, దూలం పక్కన పడిన ఆ సందు దేని లెక్క ఉందో చెప్పడానికి ఒక పోలిక నా నాలుక మీదికి వచ్చింది. దాన్ని చెబుదామనే నోరు తెరిచాను. భయానికి నోరు పిడచగట్టుకుపోయి, నాలుక అంగిట్లో అతుక్కుని, అది బయటికి రాలేదు. రెండోసారి చెప్పమన్నప్పుడూ అది అక్కడే ఉంది. గుక్కెడు నీళ్లు తాగి ఉంటే చెప్పేసేవాణ్ని. ఆపా బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టి కూర్చోమనేది. నేను వెళ్లి స్వరూప పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చునేవాణ్ని.

ఆ పోలిక నాకింకా గుర్తుంది. చాలా మంచి పోలిక. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను.